ఆకాశమున వింతలు - అధికారుల మౌనము

(బోథ్ పఠనమందిరమున గావించిన ప్రసంగపాఠము)



వేసవి రాత్రులందు మిద్దెలపై పండుకొని ఆకాశమును జూచువారికి నేడు కనబడు దీపములన్నియు నక్షత్రములు కావు. వానిలో కొన్ని నడచును. కొన్ని దారమున గ్రుచ్చిన పూసలవలె వరుసదీరి పోవును. కొన్ని చెట్ల తలలపై తేనెటీగలవలె మ్రోగుచు నిలిచియుండును. ఇవి యేమి, ఎవరివి, ఎందులకు వచ్చినవి యని యడిగినచో ఊరిలో సమాధానము చెప్పువారుండరు. సమాధానము లేనిచోట పుకారు పుట్టును. పుకారు బలిసినచోట కఱ్ఱ లేచును. ఆ కఱ్ఱ ఆకాశమునకు అందదు గనుక దారినబోవు పరదేశిపై పడును. ఈ గొలుసునుగూర్చియే నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

పరలోకవాసులు కలరా, లేరా యను వాదమును మేము పండితులకు విడిచిపెట్టుచున్నాము. మా ప్రశ్న అంతకంటె చిన్నది, అంతకంటె దగ్గరిది. ప్రజలు ఆకాశమున ఒక వింతను జూచి కలతపడినప్పుడు ప్రభుత్వము చేయవలసిన పని యేమి? చేయుచున్న పని యేమి? మనము చేయదగినదేమి?

మొదట మన పొరుగున జరిగినదానిని తలచుకొందము. 2022 ఏప్రిల్ 2వ తేది శుభకృన్నామ సంవత్సర ఉగాది. ఉదయము పచ్చడి తిని, పంచాంగము విని, ఆదాయవ్యయములు లెక్కించుకొన్న జనులు రాత్రి సుమారు 8 గంటల వేళ తలయెత్తిచూడగా నిప్పుకణికల బారు ఒకటి ఆకాశమునకు అడ్డముగా సాగిపోవుచుండెను. మహారాష్ట్రమునందును, గుజరాతునందును, మధ్యప్రదేశమునందును, మన ఉత్తర తెలంగాణమునందును వేలకొలది జనులు దానిని జూచిరి. ఉల్క యనిరి కొందరు. విమానము కూలినదనిరి కొందరు. క్షిపణి యనిరి మరికొందరు. ఉదయము విన్న పంచాంగములో ఈ ముచ్చట లేకపోయెను.

ఆ రాత్రియే పెన్‌గంగకు ఆవల చంద్రపూరు జిల్లాలో, సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామమున ఇండ్ల దాపున ఒక లోహపు వలయము పడెను. దాని వ్యాసము ఇంచుమించు 3 మీటర్లు. మన యెడ్లబండి చక్రము దానిముందు పిల్లల ఆటబొమ్మ. తరువాత ఆ చుట్టుపట్ల లోహపు గోళములును దొరకెను. దైవవశమున ఎవరికిని ప్రాణహాని లేకపోయెను. పోలీసువారు వానిని ఠాణాకు చేర్చి భద్రపఱచిరి. కొన్ని దినములకు ఇస్రో శాస్త్రజ్ఞులు వచ్చి పరీక్షించిరి.

అది చైనాదేశమువారు 2021 ఫిబ్రవరిలో ఎగురవేసిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్టులో మిగిలిన భాగము. మోయవలసిన ఉపగ్రహమును మోసి విడిచి, పదునాలుగు నెలలు భూమిచుట్టు తిరిగి, గాలిరాపిడికి క్రమక్రమముగా దిగజారి, ఆ పండుగనాడు మన నెత్తిమీద కాలిపోయెను. ఈ సంగతి గుర్తించుటకు నెలలు పట్టలేదు. అమెరికాలో నాడు హార్వర్డ్-స్మిత్సోనియన్ ఖగోళకేంద్రమున పనిచేయుచుండిన జొనాథన్ మెక్‌డోవెల్ అను శాస్త్రజ్ఞుడు, ఇది ఆ చైనా రాకెట్టు తునుక యైయుండునని ఆనాడే ప్రకటించెను. ఏలయన, అట్టి వస్తువులు ఎప్పుడు ఏ దారిని దిగుచున్నవో లెక్కగట్టువారు లోకమున కలరు. ఆ లెక్కలు బహిరంగముగనే యున్నవి. గడియ, స్థలము కచ్చితముగా చెప్పజాలకపోయినను, "ఈ దినములలో ఈ మార్గమున ఒక పాత రాకెట్టు దిగవచ్చును" అని చెప్పుట అసాధ్యము కాదు. ఆ ఒక్క వాక్యము సిందేవాహి తహసీలు కచేరికో, బోథ్ ఠాణాకో ముందుగా చేరి, డప్పుతో ఊరూర చాటబడియుండినచో, ఆ రాత్రి భయము సగమునకు సగము తగ్గియుండెడిది.

సోదరులారా, ఈ విషయమున ఒక సూక్ష్మమును గమనింపుడు. అట్టి వస్తువు సుమారు 80 కిలోమీటర్ల ఎత్తున ముక్కలగును. అంత ఎత్తున కాలునది వందల కిలోమీటర్లవరకు కనబడును. కావుననే నాగపూరువానికిని, ఆదిలాబాదువానికిని అది తన పొలముమీదనే పోయినట్లు తోచును. ఇద్దరును అబద్ధమాడువారు కారు. కన్ను వెలుగును చూపును గాని దూరమును చెప్పదు. ఉల్కకును దీనికిని భేదమును తెలియుట కష్టము కాదు. ఉల్క రెండు మూడు క్షణములలో గీతగీచి మాయమగును. దాని వేగము సెకనుకు 11 కిలోమీటర్లకు తక్కువ కాదు. కక్ష్యనుండి జారు రాకెట్టు సెకనుకు 8 కిలోమీటర్లకు లోబడిన వేగముతో, వాలుగా, నిదానముగా, తునుకలు తునుకలై ఒకే బాటను పోవును. ఈ చిన్న జ్ఞానము పాఠశాలలో పిల్లలకు చెప్పదగినది. ఇది తెలిసిన పిల్లవాడు ఇంటివారందరికిని ధైర్యము చెప్పగలడు.

ఇంతకుమున్ను మన ప్రాంతము ఇట్టి భయమును చవిచూడకపోలేదు. అమెరికావారు 1973లో ఆకాశమున నిలిపిన స్కైలాబ్ అను ప్రయోగశాల, బరువున సుమారు 77 టన్నులు, 1979 జూలై 11వ తేదిని భూమిపై కూలెను. అది ఎచ్చట పడునో నాసావారికిని కచ్చితముగా తెలియదయ్యెను. తెలియదనుట తప్పు కాదు. కాని ఆ "తెలియదు" అనునది మన పల్లెలకు చేరునప్పటికి "మన ఊరిమీదనే పడును" అని మారిపోయెను. బ్రదుకు రేపటితో సరియని కోళ్లను మేకలను కోసికొని తిన్నవారిని, ఉన్నది తెగనమ్ముకొన్నవారిని, బాకీలు తీర్చనక్కరలేదని సంబరపడినవారినిగూర్చి కరీంనగరు జిల్లా పెద్దలు నేటికిని చెప్పుకొందురు. 2021లో వచ్చిన 'స్కైలాబ్' చలనచిత్రమునకు ఆ జిల్లాలోని బండలింగంపల్లియే నెలవు. తుదకు ఆ ప్రయోగశాల తునుకలు హిందూమహాసముద్రమునను, ఆస్ట్రేలియా పడమటి భాగమున ఎస్పరెన్స్ పట్టణ ప్రాంతమునను రాలెను. ఆ ఊరి స్థానికసంఘమువారు తమ నేలపై చెత్త వేసినందులకు నాసాకు 400 డాలర్లు జరిమానా విధించిరి. భయపడిన ఊరునకును జరిమానా విధించిన ఊరునకును గల భేదమును చూడుడు. ఒకరు ఆకాశమునుండి పడినదానిని విధి యనుకొనిరి. మరియొకరు దానికొక యజమాని కలడని యెరిగియుండిరి.

యజమాని కలడనుట వట్టి హాస్యము కాదు, అది న్యాయము. 1972 నాటి అంతర్జాతీయపు ఒడంబడిక ప్రకారము, అంతరిక్షమునుండి పడిన వస్తువువలన భూమిమీద నష్టము కలిగినచో, తప్పు ఉన్నదా లేదా యను విచారణతో పనిలేకయే, ప్రయోగించిన రాజ్యము పరిహారమీయవలెను. మన దేశమును ఆ ఒడంబడికలో చేరినది. 1978 జనవరిలో అణుయంత్రము గల సోవియట్ ఉపగ్రహము కాస్మాస్ 954 కెనడా ఉత్తరభాగమున కూలగా, కెనడా సుమారు 60 లక్షల డాలర్లు కోరి, 1981లో 30 లక్షల డాలర్లు రాబట్టుకొనెను. 1968 నాటి మరియొక ఒడంబడిక ప్రకారము, పడిన వస్తువును దాని రాజ్యము కోరినచో తిరిగి అప్పగింపవలెను. కావున పొలములో దొరికిన లోహఖండము పాతసామానువానికి అమ్ముకొనుటకు కాదు, గుడిలో పెట్టి పూజించుటకును కాదు. అది సాక్ష్యము. ఒకవేళ మన రైతు పంటగాని పశువుగాని దానివలన నష్టమైనచో ఆ సాక్ష్యమే అతనికి దిక్కు. అదియుగాక అట్టి గోళములలో కొన్నిటియందు హైడ్రజీను అను విషపు ఇంధనము మిగిలియుండుటకు అవకాశము కలదు, ముట్టినవానికి ముప్పు. ఈ మాటలు మన పంచాయతీ కచేరుల గోడలపై ఎన్నడైన వ్రాయబడినవా?

ఇక ఆకాశమునుండి దిగు వస్తువులన్నియు పరదేశములవి కావు. హైదరాబాదున టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము 1969నుండి పనిచేయుచున్నది. అచ్చటనుండి రాత్రి 8 గంటలకును తెల్లవారి ఆరున్నరకును నడుమ ఎగురవేయు బెలూనులు పలుచని ప్లాస్టిక్ పొరతో చేయబడినవి. వ్యాసము 50నుండి 85 మీటర్లు. 30నుండి 42 కిలోమీటర్ల ఎత్తున తేలును. భూమిపై చీకటిగా నున్నను అంత ఎత్తున సూర్యకిరణములు ముందే సోకును. అందుచే వేకువజామున అది వెండిగిన్నెవలె మెరయుచు కదలనట్లు కనబడును. పని ముగిసినపిదప పరికరములు పెద్ద రంగుల గొడుగుకు వ్రేలాడుచు దిగును. గాలి ఎటు త్రోసిన అటు. ఎవరి పొలము ప్రాప్తమైన ఆ పొలమే.

ఆ సంస్థవారు ప్రతి ప్రయోగకాలమునకు ముందు పత్రికలలో ఒక ప్రకటన చేయుదురు. పరికరములు పడదగిన జిల్లాల పట్టికలో ఆదిలాబాదు కలదు, కరీంనగరు కలదు, సరిహద్దున నాందేడు, యవత్మాళ్, చంద్రపూరు కలవు. "దొరికినవానిని ముట్టవలదు, విప్పవలదు, కొన్నిటియందు విద్యుత్తు తీవ్రముగా నుండును, సమీపపు ఠాణాకో తపాలా కచేరికో తెలుపుడు, తెలిపినవారికి తగిన బహుమానమిత్తుము" అని దాని సారాంశము. ఇది మంచి పద్ధతి. దీనిని మేము మనసార మెచ్చుకొనుచున్నాము. ఇట్లు దిగిన పరికరములే మన దేశమునకు కీర్తి తెచ్చినవి. 2005లో హైదరాబాదునుండి ఎగిరిన బెలూను తెచ్చిన గాలిలో మూడు క్రొత్త సూక్ష్మజీవిజాతులు దొరకినవని ఇస్రోవారు 2009లో ప్రకటించి, అందొకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. పొలములో పడిన ఆ పెట్టెను గొడ్డలితో పగులగొట్టినచో పోవునది పెట్టె కాదు, ఏండ్లకొలది చేసిన కృషి.

అయినను 2022 డిసెంబరులో ఏమి జరిగెను? హైదరాబాదు ఆకాశమున తెల్లని గోళమొకటి కనబడగా నగరమంతయు తలలెత్తి విస్తుపోయెను. వికారాబాదు జిల్లా మర్పల్లి మండలములోని ఒక గ్రామమున పొలములో గదివంటి వింత యంత్రము దిగగా, పరలోకపు వాహనమని వదంతి పుట్టి జనులు తీర్థమునకు బోయినట్లు పోయిరి. విచారింపగా అది హేలో స్పేస్ అను స్పెయిన్ దేశపు సంస్థవారు, యాత్రికులను ఎత్తునకు గొనిపోవు వాహనమును పరీక్షించుటకై హైదరాబాదు బెలూను కేంద్రమువారి సాయముతో ఎగురవేసిన నమూనా యని తేలెను. ప్రయోగము చేయువారికి తెలియును, విమానశాఖకు తెలియును. భూమి ఎవరిదో వానికి మాత్రము తెలియదు. ప్రకటన పత్రికలో వచ్చినది గదా యని అధికారులనవచ్చును. పత్రిక చదువువాడు పట్టణమున నున్నాడు; గొడుగు దిగునది గూడెములో, తండాలో. గోండి మాటలాడు గూడెమునకును, లంబాడి తండాకును, మరాఠీ మాటలాడు సరిహద్దు పల్లెకును ఆ ప్రకటన వారి భాషలో చేరనంతవరకు అది చేరినట్లు కాదు.

ఇప్పుడు డ్రోనుల సంగతి. ఇవి ఆకాశపు వింతలలో కడపటివి, కాని మనకు అత్యంత సమీపమున నున్నవి. ప్రత్తిచేలపై మందు చల్లుటకు, భూములు కొలుచుటకు, పెండ్లిండ్లకు, జాతరలకు, పోలీసుబందోబస్తునకు ఇవి వాడుకలోనికి వచ్చినవి. 2021 సెప్టెంబరు 11వ తేదిని వికారాబాదులోనే డ్రోనులతో మందులు చేరవేయు ప్రయోగమును ప్రారంభించిరి. 2024 చివర కాగజ్‌నగరు ప్రాంతమున పులి జాడ వెదకుటకు అటవీశాఖవారు వానినే ఎగురవేసిరి. ఇవన్నియు ప్రయోజనకరములే. 2021 ఆగస్టున వెలువడిన డ్రోను నియమములు, ప్రతి డ్రోనునకును గుర్తింపుసంఖ్య యుండవలెననియు, విమానాశ్రయములు మొదలగు నిషిద్ధస్థలములు కాని చోట్ల 400 అడుగుల ఎత్తువరకు ఎగురవేయవచ్చుననియు, ఉల్లంఘించినచో లక్ష రూపాయలవరకు దండన యనియు నిర్ణయించినవి. నియమమున్నది. కాని తన యింటిపై రాత్రివేళ మ్రోగుచున్న యంత్రము పోలీసుదో, అటవీశాఖదో, పెండ్లివారిదో, దొంగదో తెలిసికొనుటకు సామాన్యునకు మార్గమేది?

మార్గము లేనిచోట ఏమగునో పొరుగు రాష్ట్రములు చూపినవి. 2024 వానకాలపు ఆరంభమున మహారాష్ట్రములో పుణె, బీడు, జాల్నా ప్రాంతముల పల్లెలలో రాత్రులందు డ్రోనులు తిరుగుచున్నవనియు, దొంగలు వానితో ఇండ్లు గుర్తించుచున్నారనియు కలకలము పుట్టి, జనులు కఱ్ఱలు చేతబట్టి రాత్రులు కావలి కాచిరి. 2025 జూలై, ఆగస్టు నెలలలో ఉత్తరప్రదేశపు పశ్చిమ జిల్లాలలో ఆ భయమే మరింత పెరిగి, దొంగలను అనుమానముతో దారినబోవువారిని జనులు పట్టి కొట్టిరి. అచ్చట ముజఫర్‌నగరు జిల్లాలో పోలీసువారు ఇద్దరు యువకులను పట్టుకొనిరి. వారు చేసిన ఘనకార్యమేమనగా, పావురములకు ఎఱ్ఱని పచ్చని దీపములు కట్టి రాత్రివేళ వదలుట! ఒక జిల్లాను నిద్రలేకుండ జేయుటకు రెండు పావురములు చాలినవి. ఆ రాష్ట్రప్రభుత్వము భయము గొల్పుటకై డ్రోనులెగురవేయువారిపై కఠినశాసనములు ప్రయోగింతుమని హెచ్చరించెను. హెచ్చరిక మంచిదే. కాని ఏ వెలుగు డ్రోనో ఏది పావురమో చెప్పు నోరు ఊరిలో లేనప్పుడు, రాజధానిలోని హెచ్చరిక కూడ పుకారునకు సాక్ష్యముగానే వినబడును: "డ్రోనులు లేకున్న ముఖ్యమంత్రి ఏల మాటలాడును?" అందురు.

ఇది చదువులేని పల్లెల దోషమని పట్టణవాసులు నవ్వవలదు. సంపన్నమైన అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున 2024 నవంబరు, డిసెంబరు మాసములలో ఇదే జరిగెను. అచ్చటి దర్యాప్తుశాఖకు 5000కు పైగా ఫిర్యాదులు వచ్చినవి; వెంబడించి చూడదగినవి సుమారు 100 మాత్రమే. మొదట ఒక అధికారి "మాకు తెలియదు" అనెను, మరియొకడు "అపాయము లేదు" అనెను. తెలియనిదానియందు అపాయము లేదని ఎట్లు తెలిసెనని జనులడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. డిసెంబరు 16వ తేదిని ప్రభుత్వశాఖలు కలసి, అవి అనుమతిగల డ్రోనులు, విమానములు, హెలికాప్టర్లు, పొరపాటున చూచిన నక్షత్రములునని ప్రకటించినవి. 2025 జనవరిలో శ్వేతభవనమువారు, వానిలో పెక్కు విమానశాఖ అనుమతితో పరిశోధనాదులకు ఎగిరినవని చెప్పిరి. ఆ అనుమతిపత్రములు మొదటివారమే బయటపెట్టియుండినచో రెండు నెలల ఆందోళన మిగిలెడిది.

మన సైన్యమునకును ఇట్టి అనుభవము కలదు; దానిని చెప్పుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. 2012 ఆగస్టునుండి 2013 ఫిబ్రవరివరకు లడఖ్ సరిహద్దున సైనికులు 329 సార్లు అపరిచితమైన వెలుగులను గుర్తించిరి. చైనావారి వేగుయంత్రములని అనుమానము. బెంగుళూరు భారత ఖగోళభౌతిక సంస్థవారిని పిలిచి విచారింపగా, అవి గురుడును శుక్రుడునని తేలెను. మన రైతు ఏ వేగుచుక్కను జూచి నాగలి గట్టునో ఆ వేగుచుక్కయే! ఇందు మేము నవ్వదగినది చూడలేదు, నేర్వదగినది చూచితిమి. సైనికులు చూచిరి, లెక్క వ్రాసిరి, కాల్చలేదు, తెలిసినవారిని పిలిచి అడిగిరి. అనుమానము వచ్చినప్పుడు తుపాకిగల సైనికుడే ఆగి అడుగగా, కఱ్ఱగల మనము ఆగలేమా?

అడిగినను కొన్నిటికి సమాధానము దొరకదు. 2023 నవంబరు 19వ తేదిని ఇంఫాలు విమానాశ్రయముపై వింతవస్తువు కనబడగా విమానములను కొన్ని గంటలు నిలిపివేసిరి. వాయుసేనవారు రాఫేల్ యుద్ధవిమానములను పంపి వెదకిరి, ఏమియు దొరకలేదు. అమెరికా వాయుసేనవారు 1947నుండి 1969వరకు 12,618 వార్తలు విచారించి, 701 తేలలేదని వ్రాసికొనిరి. తేలనిది తేలలేదనుట శాస్త్రధర్మము. తేలలేదు గనుక పరలోకమునుండియే వచ్చినదనుట తర్కము కాదు. చోరుడు దొరకలేదు గనుక దయ్యమే యెత్తుకొనిపోయినదని ఏ ఠాణాలోను వ్రాయరు గదా! నాసావారు నియమించిన పండితమండలి 2023 సెప్టెంబరులో ఇట్లే చెప్పెను: అన్యలోకపు సాక్ష్యమేదియు లేదు, మంచి కొలతలు కావలెను, చూచినవారిని అపహసించుట మానవలెను. ఈ కడపటి మాట మన అధికారులు తమ మేజాలపై వ్రాసిపెట్టుకొనదగినది.

సోదరులారా, ఈ సంగతులనన్నిటిని ఏల చెప్పుచున్నాము? ఆకాశపు భయము ఆకాశములో ఆగదు గనుక. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని సెల్‌ఫోనులలో పుకారు ప్రాకగా మన తెలంగాణముననే అమాయకులు ప్రాణములు గోల్పోయిరి. అదే సంవత్సరము జూలైలో, హైదరాబాదునుండి బీదరు జిల్లాకు పోయి దారిలో పిల్లలకు మిఠాయిలిచ్చిన యువకునివెంట జనులు పడి కొట్టిచంపిరి. మిఠాయి ఇచ్చుట ప్రాణమునకు వచ్చినది. రేపు మన యెల్లలలో సర్వేకు వచ్చిన కుఱ్ఱవాడో, బొంతలమ్ముకొను బైరాగియో, నాందేడునుండి కూలికి వచ్చినవాడో "డ్రోను దొంగ" యని పేరు పడినచో ఎవరు అడ్డుపడుదురు? సుప్రీంకోర్టు 2018 జూలై 17వ తేదిని, ఇట్టి మూకదౌర్జన్యములను నివారించుటకు ప్రతి జిల్లాలోను సూపరింటెండెంటుకు తక్కువగాని అధికారిని నియమింపవలెనని ఆజ్ఞాపించినది. ఆ అధికారి యెవరో మన పల్లెలకు తెలియవలదా?

అధికారులు చేయదలచినచో చేయగలరనుటకును ఆ సంవత్సరమే సాక్షి. జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి తన పరిధిలోని పల్లెలకు పోలీసులను పంపెను. లాఠీలతో కాదు, డప్పులతోను పాటలతోను. ఊరూర ఒక కానిస్టేబులు జనులతో కూర్చుండి, ఆ పుకారు చిత్రమెచ్చటిదో విప్పిచెప్పెను. ఆమె పరిధిలో ఒక ప్రాణమైన పోలేదు. వ్యయము స్వల్పము; ఫలము అమూల్యము.

మన జిల్లాకు ఇంతకంటె పాతపాఠమొకటి కలదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము నేలకొరిగినపిదప, ఏలినవారి ప్రభుత్వమునకు గోండులమాట వినకుండుట యెంత ఖరీదో తెలిసివచ్చెను. హైమెన్‌డార్ఫ్ పండితుడు వచ్చెను; కేస్లాపూరు నాగోబా జాతరలో దర్బారు వెలసెను. అధికారులు ప్రజలయెదుట కూర్చుండి వారి మాట వినుట దాని ధర్మము. ఆ దర్బారు నేటికిని పుష్యమాసపు జాతరలో జరుగుచునేయున్నది. పట్టాలు, బాటలు, నీళ్లనుగూర్చి వినిన ఆ దర్బారే ఆకాశమునుగూర్చియు ఒక గడియ వినిపింపరాదా?

కావున ప్రభుత్వమును మేము కోరునవి నాలుగు. మొదటిది, జిల్లా కచేరిలో ఒక అధికారిని, ఒక టెలిఫోను సంఖ్యను ఈ పనికై ఏర్పరచి ప్రతి పంచాయతీ గోడపై వ్రాయింపవలెను. రెండవది, ప్రభుత్వశాఖగాని అనుమతిగల సంస్థగాని పల్లెపై డ్రోను నెగురవేయునప్పుడు, రహస్యముగా నుంచవలసిన పనులు తప్ప, ముందురోజు సర్పంచునకు తెలుపవలెను. మూడవది, బెలూను ప్రకటనలు, రాకెట్టు శకలముల హెచ్చరికలు తెలుగున, గోండిలో, లంబాడిలో, మరాఠీలో ఆదిలాబాదు ఆకాశవాణిద్వారమునను, అంగళ్లలో డప్పుద్వారమునను చాటింపవలెను. ఇస్రోవారు 2022 జూలైలో బెంగుళూరున అంతరిక్షవస్తువుల గమనమును కనిపెట్టు కేంద్రమునొకదానిని నెలకొల్పిరి. అది కనిపెట్టినది బెంగుళూరుననే నిలిచిపోక బోథ్‌వరకు రావలెను. నాల్గవది, విచారణ ముగిసినపిదప ఫలమును అదే ఊరికి వచ్చి చెప్పవలెను. వస్తువును గొనిపోవుటకు వచ్చిన జీపు, సమాధానము చెప్పుటకు కూడ రావలెను.

మనము చేయవలసినది కూడ కలదు. వింతవెలుగు కనబడినప్పుడు మొదట గడియారమును చూడుడు. ఏ దిక్కున పుట్టి ఏ దిక్కున అణగెనో, ఎన్ని క్షణములుండెనో, చప్పుడు వచ్చెనో లేదో వ్రాయుడు. రెప్పవేయుచు ఎఱ్ఱని పచ్చని దీపములతో పోవునది చాలవరకు విమానము. సంజెవేళనో వేకువజామునో చప్పుడు లేక వరుసగా పోవునవి 2019నుండి గుంపులుగా పంపుచున్న స్టార్‌లింక్ ఉపగ్రహములు కావచ్చును. చాల సేపు ఒకేచోట దివ్వెవలె వెలుగునది శుక్రుడో గురుడో యని పెద్దలనడుగుడు. నేలపై పడినదానిని ముట్టక, పిల్లలను దగ్గరకు పోనీయక, ఠాణాకు చెప్పుడు. సెల్‌ఫోనులో వచ్చిన చిత్రమును, ఎచ్చటిది, ఏనాటిదని అడుగక ముందునకు పంపకుడు. ఈ పఠనమందిరమున ఒక చిట్టా నుంచి, చూచినవారు చూచినది వ్రాయుటకు ఏర్పాటు చేసినచో, పది నెలలలో మీకు ఆకాశమునుగూర్చి ఏ అధికారికి తెలియనంత తెలియును. అన్నిటికంటె ముఖ్యము, ఊరిలో క్రొత్తముఖము కనబడినచో మొదటిమాట "ఎవరయ్యా నీవు, ఏ ఊరు, నీళ్లు త్రాగెదవా?" అని యుండవలెను. మన పెద్దల పల్లెలలో పరదేశికి జరిగిన మొదటి విచారణ అదియే.

ఈ గడ్డకు ఆకాశమును చదువుట క్రొత్త కాదు. హైదరాబాదు నిజామియా వేధశాలలో ఇరువదవ శతాబ్దపు తొలిదశాబ్దములందు పనిచేసినవారు 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రముల స్థానములను ఒక్కొక్కటిగా కొలిచి పండ్రెండు సంపుటములలో ప్రకటించిరి. లోకమున పలు దేశములు పంచుకొన్న ఆ మహాకార్యమున మన వంతు మనము తీర్చుకొంటిమి. అన్ని చుక్కలకు లెక్కచెప్పిన దేశమున ఒక దీపమునకు లెక్కచెప్పువాడు లేకపోవుట న్యాయము కాదు. ఆ లెక్క అడుగుట పౌరుని హక్కు. చెప్పుట ప్రభుత్వపు విధి. చెప్పువరకు చేయెత్తకుండుట మన మర్యాద. ఈ మూడును బోథ్‌లో నిలిచిననాడు రాత్రి మిద్దెపై పండుకొన్న తల్లి, పైన ఏమి మ్రోగినను, బిడ్డను లోపలికి లాగుకొనిపోక, "అదిగో చూడుము" అని చూపగలదు.